బల్లి మీద కాసిన పేరు

జూన్ 16, సోమవారం, తెనాలి

రోజూ ఏదో ఒకటి రాయాలట. డాక్టరు భవ్యగారి ఆజ్ఞ. ఈ జబ్బులో అక్షరాలు రానురాను చీమల్లా చిన్నవైపోతాయట. అప్పుడప్పుడు ఒక పేజీ తెచ్చి చూపిస్తే మందు పనిచేస్తోందో లేదో తెలుస్తుందన్నారు.

"ఏం రాయాలమ్మా?" అని అడిగాను.

"ఏదైనా రాయండి మాస్టారూ. నేను చదవను. అక్షరం సైజు చూస్తానంతే."

లెక్కల మాస్టారుగా రిటైరైనవాడికి రాయడానికి ఏముంటుంది? కుడిచెయ్యి వణుకుతోంది. జబ్బు పేరు పార్కిన్సన్స్. మా ఆవిడ స్వర్ణలత ఆ పేరు పలకదు, 'వణుకు' అంటుంది. బోర్డు మీద ఉత్త చేత్తో నేను వృత్తం గీస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇప్పుడు గీస్తే జామకాయ వస్తోంది.

ఇవాళ్టి నుంచి కొత్త మాత్ర.

జూన్ 17

ఏమీ జరగలేదు.

జూన్ 18

ఇవాళ కూడా.

జూన్ 22, ఆదివారం

చర్చి నుంచి వస్తూ స్వర్ణ తన పాటల బృందం వాళ్ళందరి ముందూ, "మా ఆయన రోడ్డు దాటాలన్నా ముందు ప్రార్థన చేసుకుంటారండి," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందులో అబద్ధమేముంది? రైలు ఎక్కాలంటే గంట ముందే స్టేషన్లో ఉంటాను. మే నెలలో కూడా గొడుగు పట్టుకెళతాను. చీటీ పాట పాడలేదు, లాటరీ టిక్కెట్టు కొనలేదు. ఏటా సంభావ్యత పాఠం చెప్పాను గాని ఒక్కసారైనా క్లాసులో నాణెం ఎగరేసి చూపించలేదు. అది దొర్లి బల్ల కిందికి పోతే ఎవరు వెతుకుతారు?

జూన్ 30, సోమవారం

చొక్కా గుండీలు నేనే పెట్టుకున్నాను. పై నుంచి కింది దాకా, అన్నీ. స్వర్ణ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకొని, "ఇడ్లీలు చల్లారిపోతున్నాయి," అంది.

క్యాలెండరు వెనక వృత్తం గీశాను. జామకాయ కాదు. బత్తాయి.

జూలై 9, బుధవారం

చిన్న సరదా జరిగింది.

గాంధీచౌక్ దగ్గర టీ కొట్లో నేనూ సాంబశివరావూ కూర్చున్నాం. ఆయన అమృతలూరు రైతు. కొడుకు ఇల్లు ఇక్కడ కట్టాక తెనాలిలోనే ఉంటున్నాడు గాని, మనసు మాత్రం అక్కడి మినప చేలోనే. మలుపులో ముందు రేపల్లె బస్సు వస్తుందా, బాపట్ల బస్సు వస్తుందా అని మాట వచ్చింది. "బాపట్లది," అన్నాను. "పునుగులు పందెమా మాస్టారూ?" అన్నాడు. నేను పందెం అనే మాట కూడా వాడే మనిషిని కాను. "పందెం," అన్నాను.

బస్సు ముక్కు కనిపించే ముందు ఒక్క క్షణం. ఎవరో నా తలలో లైట్లన్నీ ఒకేసారి వేసినట్టయింది. తరువాత బాపట్ల బస్సు వచ్చింది. పునుగులు బాగున్నాయి. మామూలు పునుగులే.

జూలై 10

పునుగులు.

జూలై 11

పునుగులు, రెండు ప్లేట్లు. ఓడింది నేను. అయినా ఏం? సాంబశివరావు చెప్పిన బస్సు నా బస్సుకు బారెడు ముందు వచ్చింది. అంటే దాదాపు గెలిచినట్టే.

జూలై 13, ఆదివారం

మా పాస్టరుగారు ప్రసంగం ముగించే ముందు 'చివరిగా ఒక్క మాట' అంటారు. ఆ తరువాత ఇంకో పావుగంట మాట్లాడి మళ్ళీ 'చివరిగా' అంటారు. ఇవాళ ఎన్ని 'చివరిగా'లు వస్తాయని వెనక బెంచీవాళ్ళతో పందెం కాశాను. నేను నాలుగన్నాను. మూడోది అయ్యాక ఆయన బైబిలు మూసేశారు. అప్పుడు కళ్ళజోడు తీసి, "చివరిగా, ప్రియులారా," అన్నారు.

"హల్లెలూయా!" అని లేచి నిలబడ్డాను.

పాస్టరుగారు కదిలిపోయారు. ఇన్నేళ్ళలో నేను చర్చిలో నోరు తెరవడం ఇదే మొదటిసారి. ప్రార్థనయ్యాక నా రెండు చేతులూ పట్టుకొని, "ఆత్మ పనిచేస్తోంది మాస్టారూ," అన్నారు. అవునండి అన్నాను.

జూలై 21, సోమవారం

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. అక్షరాలు పెద్దవయ్యాయని మెచ్చుకున్నారు. మాత్ర డోసు పెంచారు.

"కొత్త అలవాట్లేమన్నా వచ్చాయా సార్? అదే పనిగా తినడం, అవీ ఇవీ కొనడం, పేకాట, అలాంటివి?"

"మాది క్రైస్తవ కుటుంబమండి," అన్నాను.

అబద్ధం కాదు. స్వర్ణ కూడా తల ఊపింది.

ఆగస్టు 6, బుధవారం

చీకటి పడేలోగా వాన పడుతుందన్నాను. మబ్బు పట్టింది, గాలి లేచింది, మట్టివాసన కూడా వచ్చింది. వాన మాత్రం కాలువ అవతల పడింది. సాంబశివరావు ఆవకాయ జాడీ పట్టుకెళ్ళాడు.

జాడీ పగిలిందని స్వర్ణతో చెప్పాను. "పెంకులేవీ?" అంది. పారేశానన్నాను. "ఆవకాయో?" అంది. అది కూడా అన్నాను. నన్ను కాసేపు చూసి, "నేల మీద నూనె మరక కూడా లేదే," అంది. బాగా తుడిచానన్నాను. పెళ్ళయినప్పటి నుంచి నేను ఇల్లు తుడవడం ఆవిడ చూడలేదు.

ఆగస్టు 9

గొడుగు. వానాకాలం దాదాపు అయిపోవచ్చింది కదా.

ఆగస్టు 12

వాచీ. టైము ఎవరినడిగినా చెబుతారు.

ఆగస్టు 19, మంగళవారం

స్కూటరు మెకానిక్ దగ్గర ఉంది. ఏదో పార్టు విజయవాడ నుంచి రావాలట.

(ఇది స్వర్ణతో చెప్పిన మాట. రాసి చూసుకుంటే నాకే నమ్మబుద్ధేస్తోంది.)

ఆగస్టు 20

ఒక సంగతి నిజాయితీగా రాయాలి. పందెం వల్ల నాకు నష్టం ఏమీ లేదు. పోయినవన్నీ పాతవే. పైగా చెయ్యి బాగుంది, ఆకలి బాగుంది, పొద్దున లేవగానే ఇవాళ ఏం జరుగుతుందో అని ఉంటుంది. ఇన్నేళ్ళలో ఏ పొద్దున నాకు అలా అనిపించింది? కావాలనుకుంటే రేపే మానేస్తాను.

ఆగస్టు 21

రేపు.

ఆగస్టు 22

ఈ నెల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళలేదు. అక్షరాలు బాగానే ఉన్నాయి కదా.

సెప్టెంబరు 6, శనివారం, రేపల్లె

మా అమ్మాయి సుజనకు ఏడో నెల. బాపట్లలో లెక్చరరు ఉద్యోగం, ప్రయాణాలు వద్దంటున్నా వినదు. వాళ్ళ అత్తవారింట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టారని అల్లుడు నిఖిల్‌తో కలిసి రేపల్లె వచ్చింది. మేమూ వచ్చాం.

భోజనాల దగ్గర సుజన అందరి ముందూ, "మొదటి బిడ్డకు పేరు మా నాన్నే పెడతారు. రెండోదానికి మావయ్యగారు. మేమిద్దరం అనేసుకున్నాం," అంది. నా కంచంలో చేపల పులుసు కనిపించలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగి. ఆడపిల్లయితే రేఖ అని సుజనా నేనూ ఎప్పుడో అనుకున్నాం. చక్కటి పేరు. రెండే అక్షరాలు. వంకర ఉండదు.

వియ్యంకుడు ఫ్రాన్సిస్‌గారి మొహం మాత్రం చిన్నబోయింది. ఆయనకు బజార్లో వలలూ తాళ్ళూ అమ్మే కొట్టుంది. మాట గట్టి, మనసు మెత్తన. ఆడపిల్ల పుడితే వాళ్ళమ్మ పేరు పెట్టాలని ఆయన ఆశ. ఆవిడ పేరు కెరెంహప్పుకు, బైబిల్లో యోబు కూతురి పేరు. మగపిల్లాడైతే జెరుబ్బాబెలు.

సాయంత్రం ఆడవాళ్ళు లోపల ఉన్నారు. మేమిద్దరం వరండాలో. ట్యూబులైటు పక్కన రెండు బల్లులు. ఒకటి లావుది, తోక తెగింది. రెండోది సన్నంగా, కాలేజీ కుర్రాడిలా ఉంది. మధ్యలో ఒక పురుగు.

"ఏది పట్టుకుంటుందంటారు బావగారూ?" అన్నాను. నేనే అన్నాను. ఇది రాయక తప్పదు.

"లావుది," అన్నాడు.

"సన్నది. పందెమా?"

"పందెమంటే ఏంటి బావగారూ?" అని నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, నెమ్మదిగా, "పేరు?" అన్నాడు.

నేను లేచి లోపలికి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. సన్న బల్లి కదిలింది. మెడ చాచింది. పురుగు దాని మూతికి గోరంత దూరంలో ఉంది. నా ఒంట్లో ప్రతి నరమూ పాడుతోంది. సన్న బల్లి నోరు తెరిచింది. పురుగు ఎగిరింది. ఎగిరి, నేరుగా వెళ్ళి లావుదాని నోట్లో పడింది.

"దేవుని చిత్తం," అన్నాడు ఫ్రాన్సిస్.

సెప్టెంబరు 7, తెనాలి

గోరంత దూరం.

సెప్టెంబరు 15, సోమవారం

మా ఇంటి బల్లుల్ని గమనిస్తున్నాను. మూడున్నాయి. ఆకలిగా ఉన్న బల్లి ముందు తోక ఆడిస్తుంది. నిండిన బల్లి ఆడించదు. రేపల్లె వరండాలో నేను తోక చూడలేదు. తోక తెగినదాని తోక ఎలా చూడాలన్నది వేరే ప్రశ్న.

గోడకేసి చూస్తూ కూర్చున్న నన్ను స్వర్ణ రెండు పూటలు చూసింది. ధ్యానంలో ఉన్నాననుకొని టీవీ సౌండు తగ్గించింది.

అక్టోబరు 4, శనివారం, రేపల్లె

స్వర్ణతో సాంబశివరావు చేను చూడ్డానికి అమృతలూరు వెళ్తున్నానని చెప్పి రేపల్లె బస్సెక్కాను. శాస్త్రీయంగా సిద్ధమై వెళ్ళాను.

గెలిస్తే రేఖ నాకు తిరిగి వస్తుంది. ఓడితే రెండో బిడ్డ పేరు ఎలాగూ ఆయనదే కాబట్టి, మూడోదాని పేరు.

అక్టోబరు 5

పుట్టని పిల్ల పేరు పోయింది. అనుకోని పిల్ల పేరు కూడా పోయింది.

బల్లి తోక ఆడించింది. నేను చూశాను. ఆడించి, వెళ్ళి పడుకుంది.

అక్టోబరు 13, సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరుగారి హాలు కిటకిటలాడుతోంది. స్వర్ణ ఎదురుగా మందుల కొట్టుకు వెళ్ళింది. పక్కన దశరథరామయ్యగారు కూర్చున్నారు. ఆయనకు రెండు చేతులూ వణుకుతాయి. లోపలున్న పేషంటు ఎడమ తలుపులో నుంచి వస్తాడా, కుడి తలుపులో నుంచా అన్నాను. ఊరికే అన్నాను. ఆయన బిస్కెట్ ప్యాకెట్ తీసి ఒళ్ళో పెట్టుకొని, "కుడి," అన్నారు. వెనక వరసలో ఒకావిడ "ఎడమ" అని నారింజ పండు పెట్టింది. కాసేపటికి హాలంతా రెండు పార్టీలైపోయింది. తరువాత ఎవరి నంబరు పిలుస్తారన్నది మొదలైంది. తలనొప్పివాళ్ళు, నడుం నొప్పివాళ్ళు, మూర్ఛవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు, అందరూ లేచి నిలబడి తలుపులకేసి చూస్తూ అరుస్తున్నారు. నంబరు పిలిస్తే వినిపించడం లేదు. వినిపించినా వెళ్ళేవాడు లేడు. ఫలితం చూడకుండా ఎవడు వెళ్తాడు?

మధ్య తలుపు తెరుచుకుంది. ఆ తలుపు ఒకటుందని ఎవరం అనుకోలేదు.

భవ్యగారు హాలును చూశారు. నా ఒళ్ళో ఉన్న బిస్కెట్లు, నారింజ పళ్ళు, ఎవరిదో దువ్వెన చూశారు. కోప్పడలేదు. ఆవిడ మొహంలో ఏదో తెలిసినట్టయింది.

"శాలేమురాజు మాస్టారూ, మీరు లోపలికి రండి. మేడంగారు వచ్చాక ఆవిడ్ని కూడా రమ్మనండి."

లోపల ఆవిడ మొదట అడిగింది నేను అనుకున్నది కాదు.

"గెలిచినప్పుడు బాగుంటుందా సార్? ఎదురుచూసేటప్పుడా?"

ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాను. బాపట్ల బస్సు, పాస్టరుగారి కళ్ళజోడు, సన్న బల్లి తెరిచిన నోరు.

"ఎదురుచూసేటప్పుడేనమ్మా," అన్నాను. "గెలిచాక ఏమీ లేదు. పునుగులే."

"మెదడులో డోపమైన్ అని ఒక ఊట ఉంటుంది మాస్టారూ. తప్పకుండా వచ్చేదానికి అది పెద్దగా ఊరదు. వస్తుందో రాదో తెలియనప్పుడే బాగా ఊరుతుంది. అందరికీ అంతే. ఓడిపోతే కాస్త ఎండుతుంది. ఆ ఎండడమే మనకు దెబ్బ. 'మళ్ళీ ఈ పని చెయ్యకురా' అని మెదడు చెప్పడమన్నమాట. మీ జబ్బులో చేతిని ఆడించే చోట ఆ ఊట తగ్గింది. అందుకని ఈ మాత్ర ఇచ్చాను. ఇది ఊటలాగే పనిచేస్తుంది. చేతికి మంచిదే. కానీ పక్క చేలోకి కూడా నీళ్ళు పోయాయి. అక్కడ ఓడినా ఎండడం లేదు."

"అందుకేనా, ఓడితే గెలిచినట్టే ఉండేది?"

"అందుకే. దాదాపు గెలిచాం అనిపిస్తుంది, ఇంకొక్కసారి అనిపిస్తుంది. ఈ మాత్ర వాడేవాళ్ళలో కొందరికి ఇలా అవుతుంది. మొదటి రోజే మీ ఇద్దరికీ విడమరిచి చెప్పాల్సింది. పైపైన అడిగి వదిలేశాను. అది నా పొరపాటు."

స్వర్ణ అప్పటికే వచ్చి నా పక్కన కూర్చుంది. "అయితే స్కూటరు?" అంది.

చెప్పాను. స్కూటరు, వాచీ, గొడుగు, జాడీ. ఒక్కొక్కటి చెబుతుంటే ఆవిడ ఒక్కొక్క వేలు ముడిచింది. వేళ్ళు అయిపోతాయేమోనని పేర్ల సంగతి చెప్పలేదు.

"మాత్ర ఒక్కసారి మానకూడదు. మెల్లగా తగ్గిద్దాం. వణుకు కొంత తిరిగొస్తుంది మాస్టారూ," అన్నారు భవ్యగారు. "దానికి వేరే మందు చూద్దాం గాని, మునుపటంత రాకపోవచ్చు."

"తగ్గిద్దామండి," అంది స్వర్ణ.

నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే ఏమనేవాణ్ణో నాకు తెలుసు. అందుకే అడగలేదేమో.

అక్టోబరు 14

రాత్రంతా ఒకటే ఆలోచన. చర్చిలో లేచి నిలబడిన వాడు నేనా, మాత్రా? మాత్రయితే, మే నెలలో గొడుగు పట్టుకు తిరిగినవాడు ఎవరు? వాడు మాత్రం నేనని ఎవరు చెప్పారు?

అక్టోబరు 27, సోమవారం

బస్సు వచ్చింది. ఏ బస్సో చూడలేదు.

నవంబరు 2, ఆదివారం

పాస్టరుగారు 'చివరిగా' ఎన్నిసార్లన్నారో తెలియదు. నిద్రపోయాను. బయటికి వచ్చాక ఆయన, "ఆత్మ మళ్ళీ చల్లారినట్టుంది మాస్టారూ," అన్నారు. స్వర్ణ, "డోసు తగ్గించారండి," అంది. ఆయనకు అర్థం కాలేదు.

నవంబరు 5, బుధవారం

రెండు గుండీలు పెట్టుకోగలిగాను. మూడోది స్వర్ణ పెట్టింది. రాత్రి ఏదో వెతుకుతూ పాత మాత్రల పెట్టె తెరిచాను. ఖాళీగా ఉంది. వెనకనుంచి, "నా దగ్గరున్నాయి," అంది. ఆవిడ అసలు నిద్రపోతోందా అని అనుమానం.

నవంబరు 8, శనివారం

సాంబశివరావు స్కూటరేసుకొని వచ్చాడు. హ్యాండిలుకు గొడుగు, డిక్కీలో వాచీ, ముందు కాళ్ళ దగ్గర జాడీ. జాడీ కడిగి ఉంది.

"ఆవకాయ మాత్రం అయిపోయిందమ్మగారూ. బాగా కుదిరింది," అన్నాడు స్వర్ణతో. ఆవిడ నవ్వుదామా వద్దా అని ఆలోచించి నవ్వింది.

"ఇదేంటయ్యా, గెలుచుకున్నావుగా," అన్నాను.

"మాస్టారితో ఆడుతున్నాననుకొని గెలుచుకున్నానండి. మాత్రతో ఆడానని తెలియలేదు. నాకొద్దు. రేపటి నుంచి టీ ఒక్కటే తాగుదాం. పునుగులు కూడా మనకు పడవు," అన్నాడు.

వెళ్ళేటప్పుడు స్కూటరు మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరాడు. బ్రేకులు కొత్తవి వేయించాడని తరువాత తెలిసింది.

నవంబరు 12, బుధవారం, బాపట్ల

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. దేవునికి స్తోత్రం.

వేళ్ళు ఎంత చిన్నవో. ఒక్కొక్క గోరు మినపగింజలో సగం.

ఫ్రాన్సిస్‌గారు రేపు వస్తారట.

నవంబరు 13

వచ్చాడు. వార్డు గుమ్మంలోనే చేతులు చాచి, "ఏదమ్మా నా కెరెంహప్పుకు?" అన్నాడు.

సుజన నవ్వింది. "రెండోదానికి పెడుదురు గాని లెండి మావయ్యా."

"మూడోది కూడా నాదేనమ్మా. మీ నాన్నగారు చెప్పలేదా?"

గదిలో అందరూ నావైపు తిరిగారు. ఉయ్యాల్లో ఉన్న ఆవిడ తప్ప. చెప్పాను. బల్లుల దగ్గర నుంచి చెప్పాను. చెప్పేటప్పుడు చెయ్యి విపరీతంగా వణికింది. ఎవరూ ఆ చేతిని పట్టుకోలేదు.

"నా కూతురి పేరు బల్లి మీద పెట్టావా నాన్నా?" అంది సుజన.

"సన్న బల్లి మీద," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

నిఖిల్ కిటికీలో నుంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. తండ్రికీ భార్యకీ మధ్యలో నిలబడటానికి ఆ గదిలో అంతకన్నా చోటు లేదు.

నవంబరు 16, ఆదివారం

సుజన పేరు ఒప్పుకోనంటోంది. ఫ్రాన్సిస్ మాట మాటే అంటున్నాడు. పేరు మారితే బాప్తిస్మానికి రానన్నాడట. స్వర్ణ నాతో కూరల గురించి మాత్రమే మాట్లాడుతోంది.

నవంబరు 23, ఆదివారం, బాపట్ల

మధ్యాహ్నం సుజన ఇంట్లో అందరం కూర్చున్నాం. ఫ్రాన్సిస్ మెత్తబడి వచ్చాడు. పిల్లను ఒళ్ళో పెట్టుకున్నాడు. తరువాత వాళ్ళమ్మ గురించి చెప్పాడు. రేపల్లెలో ఆవిడను హప్పమ్మ అనేవాళ్ళట. తెల్లారకముందే చేపల బుట్ట నెత్తిన పెట్టుకొని ఊళ్ళ వెంట తిరిగి, ఐదుగుర్ని చదివించిందట. ఆవిడ పూర్తి పేరు ఒక్క పాస్టరుగారు తప్ప ఎవరూ పిలిచి ఎరగరట. అది కూడా పెళ్ళిరోజున, సమాధి రోజున.

"అందుకని ఆశపడ్డానమ్మా. అంతే. కానీ గొడవతో పెట్టిన పేరు నాకొద్దు. బావగారూ, మనం మొదలెట్టింది మనమే తేల్చుకుందాం. చివరి పందెం." జేబులోంచి నాణెం తీసి నా చేతిలో పెట్టాడు. "మీరే ఎగరెయ్యండి. బొమ్మ పడితే రేఖ. బొరుసు పడితే మా అమ్మ. ఏది పడినా బాప్తిస్మానికి వస్తాను. మూడోది ఎలాగూ మాఫీ."

"రెండోది కూడా మాఫీ చెయ్యండి, నేనింక కనను," అంది సుజన. తరువాత నాకేసి తిరిగి, "సరే. నాకు సమ్మతమే. వెయ్యి నాన్నా," అంది.

లెక్క చాలా సులువు. పేరు ఇప్పటికే పోయింది. ఓడితే ఉన్నచోటే ఉంటాను. గెలిస్తే కూతురు నాతో మాట్లాడుతుంది. పోయేది సున్నా. పదో తరగతి పిల్లాడైనా వెయ్యమనే చెబుతాడు.

నాణెం అరచేతిలో వణుకుతోంది. చాలా రోజుల తరువాత తలలో ఎక్కడో ఒక దీపం వెలిగింది. నాకప్పుడు రేఖ గుర్తు లేదు. సుజన గుర్తు లేదు. ఈ నాణెం కింద పడితే పేరు తేలుతుంది. నాకు మాత్రం అది కింద పడటంతో పని లేదు. పైకి లేస్తే చాలు. అక్కడే, గాలిలోనే ఉండిపోతే మరీ మంచిది.

అది తెలిసి భయమేసింది. మాత్ర తగ్గింది, కోరిక ఇంకా ఉంది. ఇది ఎగిరిందంటే రేపు ఇంకోటి ఎగురుతుంది.

"నేను వెయ్యను," అన్నాను.

"అదేంటి బావగారూ? మీకు నష్టమేముంది?"

"వెయ్యనండి."

"ఇన్నాళ్ళూ నీ అంతట నువ్వు వేశావు. ఇవాళ నేను వెయ్యమంటే వెయ్యవా?" సుజన లేచి నిలబడింది. "ఈ ఒక్కసారీ నాన్నా! నాకోసం!"

నిఖిల్ కూడా నోరు విప్పాడు, పెళ్ళయినప్పటి నుంచి మొదటిసారి అనుకుంటా. "వెయ్యండి మావయ్యగారూ, ఒక్కసారేగా."

పందెం కాశానని మొహం తిప్పుకున్నవాళ్ళంతా పందెం కాయమని నా చుట్టూ చేరారు. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. "అయితే నేనే వేస్తా," అని సుజన నా చేతిలోని నాణెం అందుకోబోయింది.

స్వర్ణ లేచి ముందే తీసేసుకుంది. తీసుకొని తన పర్సులో వేసి, జిప్పు లాగింది.

"ఇంట్లో ఇంకొకళ్ళు మొదలుపెట్టొద్దు," అంది. "అన్నయ్యగారూ, మీ అమ్మగారి పేరే పెట్టండి. మీ ఆయన పోగొట్టాడని కాదు సుజనా, నీకు మీ నాన్న కావాలి గనక."

చెప్పాక తప్పు తెలిసి, "మీ ఆయన కాదు, మా ఆయన," అని దిద్దుకుంది. ఎవరూ నవ్వలేదు. సుజన పిల్లనెత్తుకొని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

బస్సులో స్వర్ణ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. తెనాలి దాకా వదల్లేదు. ఏమీ మాట్లాడలేదు, కూరల గురించి కూడా.

డిసెంబరు 14, ఆదివారం

బాప్తిస్మం అయింది. పాస్టరుగారు పేరు రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి కాగితం చూసి చదివారు. కేకు మీద పేరు పట్టక రెండు వరసలుగా రాశారు. కోసేటప్పుడు ఫ్రాన్సిస్‌కు 'కెరెం' వచ్చింది, నాకు 'ప్పుకు' వచ్చింది. సుజన ఫోటోలో నా పక్కన నిలబడింది. మాట్లాడలేదు.

డిసెంబరు 20

మాట్లాడలేదు.

డిసెంబరు 24

స్వర్ణతో మాట్లాడింది. నేను పక్కనే ఉన్నానని తెలిసే మాట్లాడింది.

డిసెంబరు 29, సోమవారం

పొద్దున ఫోను. నా ఫోనుకే.

"నాన్నా."

"చెప్పమ్మా."

"ఇంట్లో నేను రేఖా అనే పిలుస్తున్నా. మావయ్యకు చెప్పకు. పిలిస్తే ఎటో చూస్తోంది. నిన్న మావయ్య వచ్చి ఆ పేరు మొత్తం పెట్టి పిలిచాడు. బోసినోరు తెరిచి నవ్వింది. కాకతాళీయం అనుకున్నా. ఆయన వెళ్ళాక నేను పిలిచి చూశా. మళ్ళీ నవ్వింది. నిఖిల్ పిలిచాడు, నవ్వింది. రేఖా అంటే మాత్రం ఉలకదు, పలకదు. ఇప్పుడేం చెయ్యమంటావు?"

"నన్నా అడుగుతున్నావు?"

"ఇంకెవర్ని అడగాలి? స్పీకరు పెడుతున్నా. నువ్వు కూడా పిలువు."

నేనింతవరకూ ఆ పేరు పైకి పలకలేదు. గొంతు సవరించుకున్నాను. స్వర్ణ వంటింట్లో నుంచి గరిటె పట్టుకొని వచ్చి నిలబడింది.

"కెరెంపు," అన్నాను. కాదు. "కెరెంహుక్కు." అది కూడా కాదు. "కెరెహంపుప్పు…"

అటువైపు నవ్వు వినిపించింది. పసిపిల్లది కాదు. సుజనది.